ఆఫ్రికా ఆసుపత్రి వార్డుల్లో ఉదర క్షయ నిర్ధారణ: దేన్ని నమ్మాలి, ఎంతవరకు ఆగాలి?

పల్లె డాక్టరు (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. నేను మలావీలో ఒక జిల్లా ఆసుపత్రి మెడికల్ వార్డులో పనిచేస్తున్నాను. కర్నూలులో చదువుకున్న రోజుల్లో ఉదర క్షయ అంటే మాకు నేర్పిన రూపం దాదాపు ఒకటే. నెలల తరబడి వచ్చిపోయే కడుపునొప్పి, తిన్న తరువాత పొట్ట ఉబ్బి గుడగుడలాడడం, కుడివైపు పొత్తికడుపులో చేతికి తగిలే గడ్డ, చివరకు పేగు మూసుకుపోయి రోగి సర్జరీ వార్డుకు చేరడం. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఇరుకైన భాగాన్ని బేరియం ఎక్స్‌రేలో చూపించి ప్రశ్నలు అడిగేవారు.

ఇక్కడ ఆ చిత్రం అరుదుగా కనిపిస్తున్నది. మా వార్డుకు వచ్చేవారిలో ఎక్కువమందికి హెచ్ఐవీ ఉంటుంది. వారాల తరబడి జ్వరం, బాగా తగ్గిపోయిన బరువు, తీవ్రమైన రక్తహీనత, ఎక్కడని వేలుపెట్టి చూపించలేని కడుపునొప్పి ఉంటాయి. దగ్గు ఉండదు, ఉన్నా కళ్లె పడదు. ఛాతీ ఎక్స్‌రే ఒక్కోసారి పూర్తిగా మామూలుగా ఉంటుంది. అల్ట్రాసౌండ్ చేస్తే కడుపు వెనుక భాగంలో ఉబ్బిన లింఫు గ్రంథులో, ప్లీహంలో చిన్న చిన్న నల్లని మచ్చలో, కొద్దిగా నీరో కనిపిస్తాయి. సీటీ స్కాన్ మాకు లేదు. కొలనోస్కోపీ కోసం పంపాలంటే, రోగి ఆ ప్రయాణాన్ని తట్టుకునే స్థితిలో ఉండడు.

నా ప్రశ్న సూటిగా ఇది. ఈ పరిస్థితిలో ఏయే ఆధారాలు చేతికి అందితే ఉదర క్షయ అని నిర్ణయించి మందులు మొదలుపెట్టవచ్చు? ఏ ఆధారం కోసం ఆగడం న్యాయం, దేనికోసం ఆగితే రోగిని పోగొట్టుకుంటాం? ఆఫ్రికాలో పనిచేసిన తెలుగు వైద్యులు ఇక్కడ కొందరు ఉన్నారని తెలిసి అడుగుతున్నాను.

తూరుపు గాలి

పల్లె డాక్టరు గారూ, నేను జనరల్ మెడిసిన్ వైద్యుణ్ణి, దక్షిణాఫ్రికాలోనూ తరువాత జాంబియాలోనూ చాలాకాలం వార్డులు చూశాను. మీరు అడిగిన ప్రశ్నను కొంచెం మార్చి వేసుకుంటే పని తేలికవుతుందని నా అభిప్రాయం. "ఈ రోగి కడుపులో క్షయ ఉందా?" అని కాకుండా "ఈ రోగిలో ఎక్కడైనా క్షయ ఉందా?" అని అడగాలి. కారణం చెబుతాను.

మన ఊళ్లలో చూసే పేగు క్షయలో రోగనిరోధక శక్తి చాలావరకు నిలిచే ఉంటుంది. శరీరం క్రిమితో పోరాడుతుంది, ఆ పోరాటం వల్లనే గోడలు మందమై, మచ్చకట్టి, పేగు ఇరుకవుతుంది. హెచ్ఐవీ దెబ్బతీసే సీడీ4 అనే రక్షక కణాలు 100 కంటే తక్కువకు పడిపోయినవారిలో ఆ ప్రతిఘటన ఉండదు. క్రిమి రక్తంలోకి చేరి కాలేయం, ప్లీహం, ఎముక మజ్జ, మూత్రపిండాలు, కడుపులోని లింఫు గ్రంథులు అన్నిటికీ పాకుతుంది. కాబట్టి మీరు అల్ట్రాసౌండ్‌లో చూస్తున్నది కడుపుకే పరిమితమైన జబ్బు కాదు, ఒళ్లంతా వ్యాపించిన క్షయలో కంటికి కనిపించిన ఒక భాగం మాత్రమే.

దీనికి శవపరీక్షలు ఇచ్చిన సాక్ష్యం బలమైనది. హెచ్ఐవీతో మరణించినవారిపై వివిధ దేశాల్లో జరిగిన శవపరీక్షలను ఒకచోట చేర్చి 2015లో ప్రచురించిన విశ్లేషణలో, దాదాపు 40 శాతం మందిలో క్షయ బయటపడింది. అలా బయటపడినవారిలో 88 శాతం మందిలో అది ఒకటి కంటే ఎక్కువ అవయవాలకు వ్యాపించి ఉంది. క్షయ బయటపడినవారిలోనే దాదాపు 46 శాతం మందిలో బతికి ఉండగా ఎవరూ దానిని గుర్తించలేదు. ఈ చివరి అంకె చదివిన తరువాత నేను వార్డులో రోగిని చూసే తీరే మారింది.

క్రిమి మూత్రపిండాల దాకా వెళుతుంది కాబట్టి మూత్రం మనకు అత్యంత విలువైన నమూనా. మూత్రంలో క్షయ క్రిమి గోడకు చెందిన లామ్ అనే పదార్థాన్ని పట్టే పట్టీ పరీక్షకు 60 మైక్రోలీటర్ల మూత్రం చాలు, 25 నిమిషాల్లో ఫలితం వస్తుంది, కరెంటు అవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని మొదట 2015లో సిఫారసు చేసి, 2019లో విస్తరించింది. ఆసుపత్రిలో చేరిన హెచ్ఐవీ రోగికి క్షయ లక్షణాలు ఉన్నా, హెచ్ఐవీ ముదిరిన దశలో ఉన్నా, ప్రమాదకరంగా జబ్బుపడినా, లక్షణాలతో నిమిత్తం లేకుండా సీడీ4 సంఖ్య 200 కంటే తక్కువ ఉన్నా ఈ పరీక్ష చేయాలి.

దీని మేలు అంకెల్లో చెప్పాలంటే, దక్షిణాఫ్రికా, టాంజానియా, జాంబియా, జింబాబ్వే ఆసుపత్రుల్లో జరిగి 2016లో వెలువడిన పరిశోధనలో, లామ్ పరీక్ష చేసినవారిలో రెండు నెలల్లోపు మరణాలు 21 శాతం, చేయనివారిలో 25 శాతం. తరువాత మీ దగ్గరి జోంబాలోనూ, దక్షిణాఫ్రికాలోని ఎడెండేల్‌లోనూ జరిగిన పరిశోధనలో హెచ్ఐవీ ఉండి ఆసుపత్రిలో చేరినవారిలో ఒక బృందానికి లక్షణాలతో నిమిత్తం లేకుండా మూత్రాన్ని కూడా పరీక్షించారు. మొత్తం మీద మరణాల తేడా గణాంకపరంగా తేలలేదు, మూత్రం పరీక్షించినవారిలో 18.3 శాతం, పరీక్షించనివారిలో 21.1 శాతం. అయితే సీడీ4 100 కంటే తక్కువ ఉన్నవారిలో, తీవ్ర రక్తహీనత ఉన్నవారిలో, చేరేటప్పుడే క్షయ అనుమానం ఉన్నవారిలో మరణాలు స్పష్టంగా తగ్గాయి. మీరు వర్ణించిన రోగులు సరిగ్గా ఈ మూడు రకాలవారే.

ప్రతిధ్వని

నేను రేడియాలజిస్టును. అల్ట్రాసౌండ్ గురించి వివరంగా రాయవలసిన అవసరం ఉంది, ఎందుకంటే ఈ పరీక్షను అతిగా నమ్మేవారూ ఉన్నారు, అసలు పట్టించుకోనివారూ ఉన్నారు.

హెచ్ఐవీతో కూడిన క్షయ కోసం చేసే క్లుప్తమైన అల్ట్రాసౌండ్ పద్ధతికి ఫ్యాష్ అని పేరు. దక్షిణాఫ్రికాలోని క్వాజులు-నటాల్ గ్రామీణ ఆసుపత్రి అనుభవం నుంచి టామ్ హెల్లర్, ఆయన సహచరులు దీనిని రూపొందించారు. రేడియాలజిస్టు లేనిచోట వార్డు వైద్యుడే మంచం పక్కన నిలబడి చేయగలగాలన్నది దీని ఉద్దేశం. మొదట నీరు కోసం చూస్తారు: గుండె చుట్టూ, ఊపిరితిత్తుల పొరల మధ్య, పొట్టలో. ఆ తరువాత బృహద్ధమని చుట్టూ, క్లోమం దగ్గర, కాలేయ ద్వారం దగ్గర 1.5 సెంటీమీటర్లకు మించిన లింఫు గ్రంథులు ఉన్నాయా అని చూస్తారు. చివరగా కాలేయంలోనూ ప్లీహంలోనూ చిన్న నల్లని మచ్చలను వెతుకుతారు.

ప్లీహం విషయంలో ఒక మెళకువ చెబుతాను. మామూలుగా కడుపు చూసే ప్రోబుతో ఈ మచ్చలు చాలాసార్లు కనిపించవు, ఎందుకంటే అవి కొన్ని మిల్లీమీటర్లే ఉంటాయి. రోగి బక్కచిక్కి ఉంటాడు కాబట్టి, మెడకూ రక్తనాళాలకూ వాడే ఎక్కువ ఫ్రీక్వెన్సీ ప్రోబును ఎడమవైపు పక్కటెముకల మధ్య పెట్టి, ఊపిరి బిగబట్టమని చెప్పి నిదానంగా చూడండి. ముందు ఏమీ లేదనుకున్న ప్లీహం నిండా మచ్చలు బయటపడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. గ్రంథుల విషయంలో, మధ్యభాగం నల్లగా, అంచు తెల్లగా ఉన్న గ్రంథి లోపల కుళ్లిపోయిందని అర్థం, అది క్షయ వైపు మొగ్గు చూపుతుంది. గ్రంథులన్నీ ఒకే రీతిగా నల్లగా, పెద్దగా, ధమనిని చుట్టుముట్టి ఉంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అయిన లింఫోమాను తప్పక మనసులో ఉంచుకోవాలి.

ఇక ఈ పరీక్ష బలమెంతో నిజాయితీగా చూద్దాం. హెచ్ఐవీ ఉన్నవారిలో ఉదర క్షయను గుర్తించడానికి అల్ట్రాసౌండ్ ఎంత పనికొస్తుందో అనేక పరిశోధనలను కలిపి చూసే కాక్రేన్ సమీక్ష 2019లో లెక్కకట్టింది. ప్రయోగశాలలో రుజువైన క్షయతో పోల్చినప్పుడు, జబ్బు ఉన్న 100 మందిలో 63 మందిని పట్టుకుంది, లేని 100 మందిలో 68 మందికి లేదని సరిగ్గా చెప్పింది. దీనిని వార్డుకు అన్వయించండి. 100 మంది రోగుల్లో 40 మందికి నిజంగా క్షయ ఉందనుకుందాం. అల్ట్రాసౌండ్ వారిలో 25 మందిని చూపిస్తుంది, 15 మందిని వదిలేస్తుంది. క్షయ లేని 60 మందిలో 19 మందికి ఉందని తప్పుగా చూపిస్తుంది. అంటే ఉందని వచ్చిన 44 మందిలో 25 మందికే క్షయ ఉన్నట్టు. కాబట్టి అల్ట్రాసౌండ్‌లో ఏమీ కనిపించనంత మాత్రాన క్షయ లేదని నిశ్చింతగా ఉండకూడదు. కనిపించినప్పుడు కూడా అది ఒక్కటే తీర్పు ఇవ్వజాలదు, మిగతా ఆధారాలతో కలిపి చదవవలసిన వాంగ్మూలం అది.

ఈ సమీక్షలోని పరిశోధనలు ఒకదానికొకటి బాగా తేడాగా ఉన్నాయి. అందువల్ల ఈ అంకెలను సుమారుగానే తీసుకోవాలి. అయినా నా అనుభవం వీటికి దూరంగా లేదు.

సూక్ష్మదర్శిని

హైదరాబాదులో మైక్రోబయాలజీ విభాగంలో పనిచేస్తున్నాను. పొట్టలో నీరు ఉన్న రోగి గురించి ఎవరూ ఇంకా రాయలేదు కాబట్టి ఆ భాగం నేను తీసుకుంటాను. నీరు ఉంటే తీసి పరీక్షించకుండా వదిలేయడానికి ఏ సాకూ చెల్లదు. సూది, సిరంజి ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ ఉంటాయి.

మొదట ఆల్బుమిన్ అనే ప్రొటీన్ తేడా చూడండి. రక్తంలోని ఆల్బుమిన్ నుంచి పొట్ట నీటిలోని ఆల్బుమిన్‌ను తీసివేస్తే వచ్చేది డెసిలీటరుకు 1.1 గ్రాముల కంటే తక్కువ ఉంటే, కాలేయానికి రక్తం తెచ్చే సిరలో ఒత్తిడి వల్ల చేరిన నీరు కాదని అర్థం. క్షయ నీటిలో ఇది తక్కువగా ఉంటుంది, ప్రొటీన్ సాధారణంగా 2.5 గ్రాములకు మించుతుంది, కణాల్లో లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఎక్కువగా ఉంటాయి. రోగికి సిర్రోసిస్ (కాలేయం మచ్చకట్టి గట్టిపడడం), క్షయ రెండూ కలిసి ఉంటే ఈ లెక్కలు తారుమారవుతాయని గుర్తుంచుకోండి. హెపటైటిస్ బి విస్తారంగా ఉన్న ఆఫ్రికాలో ఇది అరుదైన విషయం కాదు.

పొట్ట నీటిలో అడినోసిన్ డీఅమినేస్ అనే ఎంజైమును కొలిచే పరీక్ష చౌకైనది, చాలా ఉపయోగకరమైనది. లీటరుకు 39 యూనిట్ల దగ్గర గీత గీస్తే పొట్ట లోపలి పొర అయిన పెరిటోనియం క్షయను దాదాపు ఎప్పుడూ వదిలిపెట్టదు, మిగతావాటి నుంచి బాగానే వేరుచేస్తుంది. లింఫోమాలోనూ, బ్యాక్టీరియా వల్ల చీము పట్టిన నీటిలోనూ ఇది పెరుగుతుంది కాబట్టి కణాల లెక్కతో కలిపి చూడాలి. దురదృష్టం ఏమిటంటే ఎక్కడ ఎక్కువ అవసరమో ఆ జిల్లా ఆసుపత్రుల్లోనే ఇది దొరకదు. దొరకనిచోట ప్రొటీన్, కణాల లెక్క చేసి ముందుకు సాగండి.

సూక్ష్మదర్శిని కింద క్రిమిని నేరుగా చూడాలన్న ఆశ పెట్టుకోకండి. పొట్ట నీటిని గాజు పలక మీద పరిచి చూసే స్మియర్‌లో క్రిమి కనిపించేది 100లో ముగ్గురి కంటే తక్కువమందిలో. నీటిలో క్రిముల సంఖ్య అంత స్వల్పంగా ఉంటుంది, అవి నీటిలో తేలడం కంటే పొరకు అంటుకొని ఉంటాయి. క్రిమిని ప్రయోగశాలలో పెంచి చూసే కల్చర్‌కు మామూలుగా పంపే కొద్ది మిల్లీలీటర్ల బదులు ఒక లీటరు నీటిని వడిగా తిప్పి అడుగున దిగినదాన్ని కల్చర్ చేస్తే క్రిమి దొరికే అవకాశం ఎన్నో రెట్లు పెరుగుతుందని ఎప్పటినుంచో తెలుసు. కానీ ఫలితం రావడానికి వారాలు పడుతుంది. క్రిమి జన్యుపదార్థాన్ని గుర్తించే జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రం పొట్ట నీటిలో కల్చర్‌లో తేలిన కేసుల్లో సుమారు 60 శాతాన్ని పట్టుకుంటుంది. క్రిమి ఉందని వస్తే నమ్మవచ్చు, లేదని వస్తే ఆ మాటకు బరువు లేదు.

లామ్ పట్టీ గురించి తూరుపు గాలి గారు చెప్పినదానికి రెండు మాటలు చేరుస్తాను. లక్షణాలు ఉన్న హెచ్ఐవీ రోగుల్లో అది సగటున 42 శాతం కేసులనే పట్టుకుంటుంది, సీడీ4 100 కంటే తక్కువ ఉన్నవారిలోనే సగం దాటుతుంది. రెండోది, అది ముఖ్యమైన క్షయ మందు రిఫాంపిసిన్‌కు లొంగని క్షయను చెప్పలేదు. కాబట్టి లామ్ చేసిన రోజే కళ్లె గానీ, మూత్రం గానీ జీన్ ఎక్స్‌పర్ట్‌కు పంపండి. కేప్ టౌన్‌లో స్టీఫెన్ లాన్ బృందం చేసిన పనిలో, ఆసుపత్రిలో చేరిన హెచ్ఐవీ రోగుల విషయంలో కళ్లె కంటే మూత్రమే ఎక్కువ కేసులను బయటపెట్టింది. కారణం సులువైనదే. లేవలేని రోగి కళ్లె ఇవ్వలేడు, మూత్రం ఇవ్వగలడు.

కుట్టుదారం

సర్జన్‌గా నా మాట కొంచెం భిన్నంగా ఉంటుంది. నేను ఉగాండాలోనూ, టాంజానియాలోనూ పనిచేశాను. మూత్రం పట్టీ, అల్ట్రాసౌండ్ చూసి మందులు మొదలుపెట్టే అలవాటు పెరుగుతున్నకొద్దీ కణజాలం ముక్క తీసి పరీక్షించే అలవాటు తగ్గిపోతున్నదని నా ఆందోళన. హెచ్ఐవీ ముదిరినవారిలో జ్వరం, బరువు తగ్గడం, కడుపులో గ్రంథులు, పెద్ద ప్లీహం అంటే అది లింఫోమా కావచ్చు. కపోసి సార్కోమా అనే క్యాన్సర్ కడుపు లోపలి అవయవాలకు పాకి ఉండవచ్చు. క్షయకు చెందని అదే జాతి ఇతర క్రిములు (మైకోబ్యాక్టీరియా) కావచ్చు, హిస్టోప్లాస్మా అనే శిలీంధ్రం కావచ్చు. వీటన్నిటికీ చికిత్స వేరు. ఆరు నెలలు క్షయ మందులు మింగించిన తరువాత లింఫోమా బయటపడితే ఆ రోగికి మనం చేసిన అన్యాయాన్ని పూడ్చలేము.

ముక్క తీయడం అంటే పెద్ద ఆపరేషన్ అనుకోకండి. కడుపులో గ్రంథులున్న చాలామందికి మెడలోనో చంకలోనో కూడా గ్రంథి ఉంటుంది. రోగి చొక్కా విప్పించి, వేళ్లతో వెతకడానికి రెండు నిమిషాలు చాలు. అక్కడ సన్నని సూదితో లాగితే క్రిమీ దొరుకుతుంది, కణాలూ దొరుకుతాయి. పొట్టలో నీరుండి కారణం తేలని రోగికి చిన్న రంధ్రం గుండా కెమెరాతో పొట్ట లోపల చూసే లాపరోస్కోపీ అత్యుత్తమం. పెరిటోనియం మీద జొన్నగింజల్లా తెల్లని బుడిపెలు పరుచుకొని కనిపిస్తాయి, కంటితో చూసి చెప్పినదే చాలా అధ్యయనాల్లో 90 శాతానికి పైగా సరిపోయింది. లాపరోస్కోపు లేనిచోట బొడ్డు కింద చిన్న కోతతో పెరిటోనియం ముక్క తీయవచ్చు.

హెచ్ఐవీ లేని స్త్రీల గురించి కూడా చెప్పాలి. పొట్టలో నీరు, అండాశయం దగ్గర గడ్డ, రక్తంలో సీఏ 125 అనే క్యాన్సర్ సూచిక పెరగడం చూసి అండాశయ క్యాన్సర్ అని పొట్ట కోసిన తరువాత క్షయ అని తేలిన సంఘటనలు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. సీఏ 125 పెరిటోనియం క్షయలో కూడా బాగా పెరుగుతుంది. అలాంటి రోగికి కూడా ముందు ఒక చిన్న ముక్కే దారి చూపిస్తుంది.

గుంటూరు మెడికో

పెద్దలందరికీ నమస్కారం. ఫైనలియర్ విద్యార్థినిని. ఒక సందేహం. ముక్కలో గ్రాన్యులోమా (రక్షక కణాలు గుంపుకట్టిన బుడిపె) కనిపిస్తే ఇక్కడ మేము దాదాపు క్షయ అనే రాస్తాము, లేకపోతే పేగు వాచే క్రోన్స్ వ్యాధి గురించి చర్చిస్తాము. ఆఫ్రికాలో కూడా ఆ రెండింటి మధ్యే తర్కమా? పొట్టలో నీటికి అక్కడ మనకు తెలియని కారణాలు ఏవైనా ఉన్నాయా?

తూరుపు గాలి

మంచి ప్రశ్న అమ్మా. క్రోన్స్ వ్యాధి సహారా దిగువ ఆఫ్రికాలో మన దేశంతో పోలిస్తే తక్కువగా కనిపిస్తుంది, అక్కడ తర్కం వేరే దారిలో సాగుతుంది.

మొదటిది షిస్టోసోమియాసిస్ అనే పురుగుల జబ్బు. విక్టోరియా సరస్సు తీరాన, ఆల్బర్ట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవారి కాలేయాలను చూస్తే దీని తీవ్రత తెలుస్తుంది. నీటిలోని నత్తల నుంచి వెలువడిన పురుగు పిల్లలు చర్మం గుండా శరీరంలో ప్రవేశిస్తాయి. పెద్ద పురుగులు పేగుల సిరల్లో నివసించి గుడ్లు పెడతాయి. ఆ గుడ్ల చుట్టూ శరీరం కట్టేది కూడా గ్రాన్యులోమాయే. కాబట్టి ముక్కలో గ్రాన్యులోమా చూసిన పాథాలజిస్టు మధ్యలో గుడ్డు ఉందా, జున్నులా కుళ్లిన కణజాలం ఉందా అని తప్పక వెతకాలి. ఈ రోగులకు కాలేయంలో సిరల చుట్టూ మచ్చకట్టి, ప్లీహం బాగా పెరిగి, రక్తపు వాంతులు అవుతాయి. కాలేయం పని మాత్రం చాలాకాలం నిలిచే ఉంటుంది. పొట్ట నీటిలో ఆల్బుమిన్ తేడా 1.1కు మించి ఉంటుంది, ఇది క్షయ నుంచి వేరుచేయడానికి బాగా పనికొస్తుంది.

రెండోది గుండెకు సంబంధించినది. గుండె లోపొర గట్టిపడే ఎండోమయోకార్డియల్ ఫైబ్రోసిస్ అనే జబ్బును 1948లో కంపాలాలో డేవిస్ వర్ణించారు. ఉగాండాలోనూ మొజాంబిక్‌లోనూ ఇది ఎక్కువ. పొట్ట కుండలా ఉబ్బి ఉంటుంది, కాళ్లకు వాపు మాత్రం అంతగా ఉండదు, చూడగానే ఎవరికైనా క్షయ నీరే అనిపిస్తుంది. మన కేరళలో కూడా ఈ జబ్బు ఉండేది, కాబట్టి భారతీయ వైద్యులకు పూర్తిగా కొత్తది కాదు. దీనికి తోడు క్షయ వల్లనే గుండె చుట్టూ పొర గట్టిపడి, దానివల్ల పొట్టలో నీరు చేరవచ్చు. మెడ సిరలు ఉబ్బి ఉన్నాయా అని చూడడం, అల్ట్రాసౌండ్ ప్రోబును పొట్ట నుంచి గుండె మీదకు జరపడం ఈ రెండింటినీ పట్టుకుంటాయి.

పిల్లల్లో అయితే కడుపులో వేగంగా పెరిగే గడ్డ కనిపిస్తే బర్కిట్ లింఫోమాను మరువకూడదు. అది రోజుల తేడాతో ప్రాణం తీయగలదు, సరైన మందులు అందితే నయం కూడా అవుతుంది.

కృష్ణాతీరం

నేను విజయవాడలో ప్రజారోగ్య విభాగంలో పనిచేస్తున్నాను. కుట్టుదారం గారి ఆందోళనను నేనూ పంచుకుంటున్నాను. రుజువు లేకుండా క్షయ మందులు మొదలుపెట్టడం మేలు చేస్తుందని నిరూపించిన పరిశోధన ఏది? సీడీ4 50 కంటే తక్కువ ఉన్నవారికి హెచ్ఐవీ మందులతోపాటు క్షయ మందులన్నీ ముందుగానే ఇచ్చి చూసిన బహుళదేశ పరిశోధన 2016లో వెలువడింది. ఐసోనియాజిడ్ అనే ఒక్క క్షయ మందే ఇచ్చినవారితో పోలిస్తే మరణాల్లో తేడా రాలేదు. పైగా ఈ మందులు కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మన రాష్ట్రంలోనూ హెచ్ఐవీ వ్యాప్తి దేశ సగటు కంటే ఎక్కువ కాబట్టి, ఈ చర్చ హెచ్ఐవీ మందులు ఇచ్చే మా ఏఆర్టీ కేంద్రాలకు కూడా వర్తిస్తుంది. అందుకే అడుగుతున్నాను.

తూరుపు గాలి

కృష్ణాతీరం గారూ, ఆ పరిశోధనలో చేరినవారు ఓపీ రోగులు. క్షయ ఉందని అనుమానం కలిగినవారిని ముందే వడపోసి తీసేశారు. జ్వరంతో, ఊపిరందక, లేవలేక మంచాన పడినవారికి ఆ ఫలితాన్ని వర్తింపజేయడం సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకరమైన జబ్బుకు నాలుగు గుర్తులు చెప్పింది: నిమిషానికి 30కి మించిన శ్వాస, 120కి మించిన నాడి, 39 డిగ్రీలకు మించిన జ్వరం, ఎవరి సాయమూ లేకుండా నడవలేకపోవడం. వీటిలో ఒక్కటి ఉన్నా, క్షయకు అనుకూలంగా మంచి ఆధారం ఉన్నప్పుడు కల్చర్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం నాకు సమ్మతం కాదు. ఆ రోగుల్లో చాలామంది మొదటి రెండు వారాల్లోనే చనిపోతారు.

అయితే కుట్టుదారం గారి మాటను నేను తోసిపుచ్చడం లేదు. మందులు మొదలుపెట్టిన రోజే రోగనిర్ధారణ ముగిసిందని భావించడమే అసలు ప్రమాదం. మొదటి మాత్ర మింగించడానికి ముందే మూత్రం, కళ్లె, పొట్ట నీరు, మెడ గ్రంథి, ఏది దొరికితే అది తీసి పంపండి. మందులు మొదలైన తరువాత క్రిమి దొరకడం కష్టమవుతుంది. కేసు షీటులో "క్షయ అని అనుమానం, రుజువు కోసం ఎదురుచూస్తున్నాము" అని స్పష్టంగా రాయండి, వార్డు మారినప్పుడు ఆ అనుమానం నిశ్చయంగా మారిపోకుండా ఉంటుంది. రెండు వారాలకు, నాలుగు వారాలకు జ్వరం, బరువు, హిమోగ్లోబిన్ మళ్లీ చూడండి. జ్వరం తగ్గి, ఆకలి పెరిగి, బరువు నిలబడితే మీ నిర్ణయం బహుశా సరైనదే. తగ్గకపోతే ముక్క తీయక తప్పదు.

పల్లె డాక్టరు

అందరికీ ధన్యవాదాలు. తూరుపు గాలి గారు చెప్పినట్టు ప్రశ్నను మార్చి వేసుకోవడం నాకు బాగా ఉపయోగపడింది. చేరిన రోజే ప్రతి హెచ్ఐవీ రోగి మూత్రాన్ని లామ్‌కు తీయడం, సీడీ4 చూడడం, మెడ, చంక గ్రంథులు వెతకడం, గుండెతో సహా ఫ్యాష్ చేయడం, నీరుంటే తీయడం, ఇవన్నీ మొదటి 24 గంటల్లో ముగిసేలా మా నర్సులతో మాట్లాడతాను. మూత్రం తేవడంలో రోగి దగ్గర ఉండే బంధువుల సాయం ఇక్కడ చాలా పెద్దది. రోగికి తోడుగా ఎవరో ఒకరు ఆసుపత్రిలోనే ఉండి వంట చేస్తారు, ఒళ్లు తుడుస్తారు. వారికి ఒక సీసా ఇచ్చి ఎందుకో వివరిస్తే తెల్లవారేసరికి నమూనా సిద్ధంగా ఉంటుంది.

రెండు సందేహాలు మిగిలాయి. హెచ్ఐవీ మందులు ఎప్పుడు మొదలుపెట్టాలి? చికిత్స మొదలైన కొన్ని వారాలకు కడుపులో గ్రంథులు మరింత పెరిగి నొప్పి ఎక్కువైతే, నిర్ధారణ తప్పని భావించాలా?

ప్రతిధ్వని

రెండోదానికి నేను చెబుతాను. హెచ్ఐవీ మందులతో సీడీ4 కణాలు కోలుకున్నప్పుడు, అవి చచ్చిన క్రిముల మీద కూడా విరుచుకుపడతాయి. అప్పుడు గ్రంథులు ఉబ్బుతాయి, కొత్తగా నీరు చేరుతుంది, జ్వరం తిరగబెడుతుంది. అది మందులు పనిచేయనందువల్ల వచ్చింది కాకపోవచ్చు. అయితే అలా ముద్రవేసే ముందు మాత్రలు నిజంగా మింగుతున్నారా అని, రిఫాంపిసిన్‌కు లొంగని క్షయ కాదా అని, లింఫోమా కాదా అని చూడాలి. కడుపు గట్టిపడి నొప్పి హఠాత్తుగా పెరిగితే పేగుకు రంధ్రం పడిందేమోనని వెంటనే నిలువు ఎక్స్‌రే తీసి సర్జన్‌ను పిలవండి.

తూరుపు గాలి

మొదటిదానికి: మెదడు పొరల క్షయ లేదని నిర్ధారించుకొని, క్షయ మందులు మొదలైన రెండు వారాల్లోపే హెచ్ఐవీ మందులు మొదలుపెట్టాలని ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. డోల్యుటెగ్రావిర్ అనే హెచ్ఐవీ మందు ఇస్తుంటే రిఫాంపిసిన్ దాని మోతాదును రక్తంలో తగ్గిస్తుంది కాబట్టి, రోజుకు ఒకసారి కాకుండా 50 మిల్లీగ్రాములు రెండుసార్లు ఇవ్వాలి. క్షయకు మామూలు ఆరు నెలల చికిత్సే చాలు. కడుపు క్షయలో తొమ్మిది నెలలు ఇచ్చినందువల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు.

పల్లె డాక్టరు

మరొక్క ప్రశ్న, సూక్ష్మదర్శిని గారికి. మెడ గ్రంథి నుంచి సూదితో తీసినదాన్ని మా దగ్గర ఎప్పుడూ ఫార్మలిన్ సీసాలోనే వేసి పంపుతారు. జీన్ ఎక్స్‌పర్ట్‌కు అదే పంపవచ్చా?

సూక్ష్మదర్శిని

వద్దండీ. ఫార్మలిన్ క్రిమిని చంపేస్తుంది, ఆ నమూనా కల్చర్‌కు పనికిరాదు, జీన్ ఎక్స్‌పర్ట్‌కు కూడా తగినది కాదు. సూదిలోనికి వచ్చిన కొద్దిపాటి పదార్థంలో ఒక చుక్కను గాజు పలక మీద పరిచి కణాల పరీక్షకు ఉంచండి. మిగిలినదాన్ని కొద్దిగా శుభ్రమైన సెలైన్‌లో కడిగి, మూత బిగుతుగా ఉన్న సీసాలో వేసి జీన్ ఎక్స్‌పర్ట్‌కు పంపండి. ఆపరేషన్‌లో ముక్క తీసినప్పుడు కూడా రెండు సీసాలు ముందుగానే సిద్ధం చేసుకోండి. ఒకటి ఫార్మలిన్‌తో పాథాలజీకి, మరొకటి సెలైన్‌తో మైక్రోబయాలజీకి. సీసా మీద ఏ అవయవం నుంచి తీశారో, రోగికి హెచ్ఐవీ ఉందో లేదో, క్షయ మందులు అప్పటికే మొదలయ్యాయో లేదో రాయండి. చీటీ మీద ఆ మూడు వివరాలు లేకపోతే, ఇవతల కూర్చున్న మేము ఫలితాన్ని సరిగ్గా చదవలేము.